గాలి చూసి పోపు

మా ఊళ్లో పప్పుకి పోపు పెట్టాలంటే కొన్నాళ్లపాటు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాల్సి వచ్చింది. చూసుకోవడమంటే మనంతట మనం వీధిలోకొచ్చి చూసుకోవడం కాదు. ఫారెస్టు బీటాఫీసరు కూర్మారావు పంచాయతీ ఆఫీసు మేడమీద ఒక వెదురుగడ నిలబెట్టి, దానికి తన తువ్వాలు కట్టాడు. తువ్వాలు సముద్రం వేపు ఎగిరితే పోపు పెట్టుకోవచ్చు. తోటల వేపు ఎగిరితే మూకుడు దించెయ్యాలి. ఎటూ ఎగరకుండా వేలాడితే అది సందిగ్ధ వాతావరణం. అప్పుడు ఆవాలు వేసుకోవచ్చు గానీ ఇంగువ వెయ్యకూడదు.

కూర్మారావు మా అత్త గున్నమ్మకి వరసకి తమ్ముడవుతాడు. మొదటిరోజే ఆవిడ మేడ కింద నిలబడి, “ఒరే కూర్మా, ఆ తువ్వాలు తడిగుందిరా. అదెలగెగురుతాది? పొడిది కట్టు, నా పప్పు సల్లారిపోతంది” అంది.

“అప్పా, డ్యూటీలో ఉన్నాను. సార్ అనాల” అన్నాడతను పైనుంచి.

“అలగే సార్. తువ్వాలు పిండి కట్టండి సార్” అంది అత్త.

నవ్వులాటకి చెప్పడం లేదు. దీని వెనక చాలా పెద్ద చదువుంది. నాకు తొమ్మిదో తరగతితోనే పెళ్లి చేసేశారు కాబట్టి నాకు అర్థమైనంత చెబుతాను.

మా ఊరు పనసపుట్టుగ. తూర్పున సముద్రం, పడమటన జీడితోటలు, మధ్యలో కొబ్బరిచెట్లూ మేమూ. తోటల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. మా అత్త కాపరానికి వచ్చేసరికే ఉన్నాయట. పనసపళ్ల కాలంలో వచ్చి, కిందపడ్డవి తిని, వాటి దారిన అవి పోయేవట. వీళ్లు చూసీ చూడనట్టు ఇంట్లోకెళ్లి తలుపేసుకునేవారట. తరవాత రోడ్డువారన తోటలు నరికి ప్లాట్లు వేశారు. ఎలుగులకి ప్లాట్లు ఇవ్వలేదు. అవి ఊళ్లోకొచ్చి వెతుక్కోవడం మొదలెట్టాయి.

కిందటేడు వేసవి మొదట్లో ఒక ఎలుగు అంగన్‌వాడీ వెనకగది తలుపు విరగ్గొట్టింది. అందులోనే వంటసరుకులుంటాయి. నూనె పాకెట్లు చింపి తాగింది. బెల్లం తింది. పల్లీ చిక్కీలు కాగితాలతో సహా తింది. కోడిగుడ్లు మాత్రం తినలేదు, వాటిమీద కూర్చుంది. ఇదంతా పిల్లలు లేని వేళ జరిగింది. మరో నాలుగురోజులకి మళ్లీ వచ్చింది. ఈసారి తెల్లారాక వచ్చింది. ఆయా దాలమ్మ చీపురు పట్టుకుని లోపలికెళ్లి, ఎవరో దుప్పటి కప్పుకుని కూర్చున్నారనుకుని, “ఎవులది, లెగండి, తుడవాల” అందట. అది లేచింది. దాలమ్మ ఆ చీపురు ఎక్కడ పడేసిందో ఇప్పటికీ దొరకలేదు.

ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే పిల్లలుందురు. పిల్లల్లో నా జోషిత ఉండును. దానికి మూడేళ్లు. నాకసలే భయం ఎక్కువ. అది పడుకుంటే ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూస్తాను. లేస్తే ఎందుకు లేచిందా అని చూస్తాను. అలాంటిదాన్ని, తలుపులేని గదికి పక్కగదిలో దాన్ని ఎలా కూర్చోబెట్టను? మానిపించేద్దామా అంటే అక్కడ పెట్టే గుడ్డూ పప్పన్నమే అది ఇష్టంగా తినేది. ఇంట్లో నేను పెడితే నా మొహం చూసి తినదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ గదికి ఒక ఇనప తలుపు.

అంగన్‌వాడీ వాళ్ల ఆఫీసుకెళ్లి అడిగాం. విరగ్గొట్టింది వన్యప్రాణి గనక ఫారెస్టువాళ్లని అడగమన్నారు. ఫారెస్టు ఆఫీసుకెళ్లాం. విరిగింది తలుపు గనక, తలుపు వన్యప్రాణి కాదు గనక, అంగన్‌వాడీ వాళ్లని అడగమన్నారు. ఆటో బాడుగకి మాత్రం ఇద్దరూ బాధ్యులు కారు.

అందుకని తల్లులమే వంతులేసుకుని తలుపులమయ్యాం. రోజుకి ఇద్దరం, పిల్లలున్నంతసేపూ ఆ గుమ్మానికి వీపు ఆనించి, పక్కన కర్రా స్టీలుపళ్లెం పెట్టుకుని కూర్చునేవాళ్లం. జీడిపిక్కలు అక్కడికే తెచ్చుకుని కొట్టుకునేవాళ్లం. నా వంతు కానిరోజు కూడా నేనే కూర్చునేదాన్ని. తలుపుకి గొళ్లెం ఉండాలి కదా, నేను గొళ్లెం అనేవారు మిగతావాళ్లు.

ఊరంతా గోల చేస్తే ఫారెస్టువాళ్లు ట్రాక్టరు మీద ఒక బోను తెచ్చారు. పెద్ద ఇనప బోను. పైనుంచి కిందకి దబ్బున పడే కటకటాల తలుపు. పడ్డాక బయట కొక్కెం దానంతటదే పట్టేసుకుంటుంది, లోపల ఉన్నవాళ్లు తియ్యలేరు. దాన్ని పంచాయతీ ఆఫీసు ముందు దించారు. అందరూ బోను చూశారు. నేను తలుపు చూశాను.

దాంట్లో ఎర వెయ్యబోయే రోజునే చిదానంద్ గారు దిగారు.

ఆయన ‘మానవ ప్రవర్తనా పరివర్తన విభాగం’ ప్రాంతీయ సమన్వయాధికారి. అది పలకడానికి మా ఊళ్లో నోరు తిరిగినవాళ్లు లేక ప్రవర్తనాఫీసరు అనేవాళ్లం. నల్లకళ్లద్దాలు, మెళ్లో విజిలు, చక్కటి మనిషి. వస్తూనే బోను చూసి కళ్లు మూసుకున్నారు. ఎర తియ్యించేశారు. బోను పెట్టడం జంతు ప్రవర్తనలో అనుచిత జోక్యం అట. మమ్మల్నందరినీ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి మాట్లాడారు.

“వన్యప్రాణి సంరక్షణ అనగానే వన్యప్రాణుల గురించి అని చాలామంది అపోహ పడతారు. ఎలుగుబంటి ప్రవర్తన ప్రకృతిసిద్ధం. దాన్ని మనం మార్చలేం, మార్చరాదు. అందుచేత సమస్య యావత్తూ మానవ ప్రవర్తనలోనే నిక్షిప్తమై ఉంది. మానవుణ్ణి సవరిస్తే ఎలుగుబంటి తనంతట తానే సవరింపబడుతుంది.”

నేను లేచి నిలబడ్డాను. నలుగురిలో మాట్లాడితే నాకు గొంతు వణుకుతుంది. అయినా, సార్, అంగన్‌వాడీకి తలుపు లేదు సార్, అన్నాను.

ఆయన చాలా మర్యాదగా, “తలుపు మౌలిక వసతి అమ్మా. మౌలిక వసతులు మా పరిధిలోకి రావు. మాది ప్రవర్తన” అన్నారు.

మొదట ఆయన చెప్పినవాటిలో తప్పేమీ లేదు. కుళ్లిన పళ్లు వీధిలో పొయ్యొద్దన్నారు. ఎలుగు కనిపిస్తే కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వెంటపడొద్దన్నారు. అవి రెండూ మా ఊరు చేస్తున్న వెధవపనులే. మానేశాం. అక్కడితో ఆపేసుంటే ఆయనకి కొబ్బరిబోండాలిచ్చి సాగనంపుదుం. కానీ ఆయన పథకం ఆరు నెలలది. చెప్పాల్సిన నాలుగు మంచిమాటలూ మొదటి వారంలోనే అయిపోయాయి.

ఎలుగు మాత్రం సరుకులగదికి వస్తూనే ఉంది, పిల్లలు లేనప్పుడు. తలుపు లేదు కదా, రాదా మరి. ఆయన ఆ గదిలోకెళ్లి ముక్కుతో గట్టిగా పీల్చారు. బయటికొచ్చి వీధిలో కూడా పీల్చారు. అప్పుడు మధ్యాహ్నం, అందరిళ్లల్లోనూ వంటలవుతున్నాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

అలా పుట్టింది పోపు నియమం. కాగితం మీద దాని పేరు ‘గృహస్థ తాళింపు సంబంధిత ఘ్రాణ ఉద్గారాల నియంత్రణ’. పగటిపూట గాలి సముద్రం నుంచి తోటలకేసి వీస్తుంది. పోపు వాసన అలా తోటల్లోకెళ్లి ఎలుగుని భోజనానికి పిలుస్తోందట. పొద్దుటిపూట గాలి తోటల నుంచి సముద్రానికి. కాబట్టి పోపులన్నీ పొద్దున్నే అయిపోవాలి. కూర్మారావు తువ్వాలు అందుకు.

మేం పొద్దున్నే పోపులు పెట్టి గిన్నెల్లో దాచుకుని మధ్యాహ్నం పప్పులో కలుపుకున్నాం. దాచిన పోపు కూడా వాసనొస్తోందని తనిఖీలో తేలింది. అప్పుడు ఊరందరికీ కలిపి సముద్రపొడ్డున ఉమ్మడి పోపు కేంద్రం పెట్టారు. ఆడవాళ్లందరం పప్పుగిన్నెలు నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచి వెళ్లడం, అక్కడ పెద్ద మూకుడులో ఒకటే పోపు, తలా గరిటెడు పోయించుకుని రావడం. వచ్చేటప్పుడు మూత తియ్యకూడదు. మా అత్త గిన్నెలో సగం ఇసకే ఉండేది.

“ఏటే దమయంతీ, సముద్రానికి పోపెట్టీసినారు. ఉప్పు ఎలాగూ దాంట్లోనే ఉంది, ఇంక పప్పొక్కటీ పోసీమను” అంది నాతో.

పోపు పోయాక పిల్లలు అంగన్‌వాడీలో పప్పు తినడం మానేశారు. హేమలత టీచరు బతిమాలేది, పాటలు పాడేది. జోషిత నోరు బిగించుకుని కూర్చునేది. దాని చేతిగాజులు వదులైపోయాయి. నాకు ఎలుగు భయం ఒకవేపు, పిల్ల చిక్కిపోతోందన్న భయం ఒకవేపు.

ఇది చాలదని శిక్షణ ఒకటి. ఎలుగు ఎదురైతే పరిగెత్తకూడదు, అరవకూడదు, చెట్టులా నిలబడాలి. ఊరికే చెట్టు కాదు, ఎలుగుకి అలవాటైన చెట్టు కావాలి గనక జీడిచెట్టు. కాళ్లు కొంచెం వంచి, చేతులు వంకరగా చాచి, తల వాల్చాలి. ఆఫీసరు విజిలూదగానే ఎక్కడివాళ్లక్కడ జీడిచెట్లయిపోవాలి. మళ్లీ ఊదేదాకా కదలకూడదు. పెద్దవాళ్లం నవ్వుకుంటూ చేశాం. పిల్లలకి తెగ నచ్చేసింది. జోషిత ఇంట్లో కూడా చెట్టయిపోయేది. అన్నం తినవే అంటే చెట్టు. తల దువ్వుతాను రావే అంటే చెట్టు. ఒకరోజు సాయంత్రం అది కనపడలేదు. పేరుపెట్టి వీధంతా అరిచాను, పలకదు. చివరికి చూస్తే మా కొబ్బరిమట్టల పోగు వెనకాల చేతులు చాచి, తల వాల్చుకుని నిలబడుంది. ఎందుకే పలకవు అని ఒకటి వేస్తే, “సెట్టు మాటాడదు కదమ్మా” అంది. నేనే ఏడ్చాను.

పోపు లేదు, అయినా ఎలుగు వచ్చింది. చిదానంద్ గారు నిరుత్సాహపడే మనిషి కాదు. “అవశిష్ట ఆకర్షకాలు ఎక్కడో మిగిలి ఉన్నాయి” అన్నారు. వెతికారు. మా తలల్లో దొరికాయి. కొబ్బరినూనె. కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగినవాళ్లం, తలకి నూనె లేకుండా నెలరోజులు తిరిగాం. ఊళ్లో ఆడవాళ్లందరి జుట్టూ గాలి ఎటువేపో తువ్వాలు కన్నా బాగా చెప్పేది. చంటిపిల్లలకి నూనె రాసి కాళ్లు లాగడం కూడా బంద్. తరవాత బెల్లం. తరవాత, సరిగ్గా కాలం మొదలవగానే, పనసపళ్లు. ఇంట్లో పండిన పనసపండు ఉండకూడదు, కోసి తినకూడదు, బంధువులకి పంపకూడదు. పంపితే ఆకర్షకాన్ని రవాణా చేసినట్టు.

మరి పళ్లేం చెయ్యాలి? నూనెడబ్బాలేం చెయ్యాలి? స్వాధీనం చేసుకున్నారు. స్వాధీనం చేసుకున్నవాటిని తాళం వేసి భద్రపరచాలట. ఊళ్లో గట్టి తాళం ఉన్న వసతి ఏముంది? బోను ఉంది. ఖాళీగానే ఉంది కదా.

ఊరందరి పనసపళ్లు, ఊరందరి నూనెడబ్బాలు, ఊరందరి బెల్లం, అన్నీ పంచాయతీ ఆఫీసు ముందు బోనులో పేర్చారు. పేర్చినకొద్దీ పళ్లు పండాయి. పండినకొద్దీ ఆ వాసన ఈగల్ని పిలిచింది, గేదెల్ని పిలిచింది. పంచాయతీ ఆఫీసు గదిలోనే చిదానంద్ గారు బస చేసేవారు. ఆయనకి వంట నాది. వెనకింట్లో ఉంటాను గనక నాకు చెప్పారు. ఆయన పప్పుకి మాత్రం పోపు ఉండేది, ఏ గాలికైనా. అది తులనాత్మక పోపు. పోపు లేని ఊరికీ ఉన్న ఊరికీ తేడా తెలియాలంటే పోపు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఎండుమిరపకాయలు కొంచెం ఎక్కువ వెయ్యమనేవారు, తేడా బాగా తెలియడానికి.

ఆయన భోంచేస్తుంటే నేను ఒకసారి ఆగలేక అడిగాను. సార్, ఆ బోనులో వాసనకి ఎలుగు రాదా సార్, అని. ఆయన ముద్ద ఆపి నాకేసి జాలిగా చూసి, “అమ్మా, అవి మానవ వినియోగం నుంచి తొలగించబడ్డాయి. ఇక వాటికీ మానవ ప్రవర్తనకూ సంబంధం లేదు” అన్నారు.

నేను గిన్నెలు తీసుకుని వచ్చేశాను. వస్తూ బోను తలుపుని ఒకసారి చేత్తో ఊపి చూశాను. కదల్లేదు.

రాజధాని నుంచి పెద్దవాళ్లు చూడ్డానికొస్తారన్నారు. ముందురోజు సాయంత్రం మాకు రిహార్సలు. ఆడవాళ్లందరం ఆఫీసు అరుగు మీద, పిల్లలు టీచరుతో మేడమీద, వాళ్లతోపాటు తువ్వాలు దగ్గర కూర్మారావు. మేడమెట్లకి కింద తలుపుంది, అది చూసుకున్నాకే జోషితని పైకి పంపాను. చిదానంద్ గారికి స్వాధీనం చేసుకున్న వస్తువులతో ఒక ఫొటో కావాలి. బోను తలుపు పైకెత్తించి, లోపలికెళ్లి, పనసపళ్ల మధ్య ఒక పండు మీద చెయ్యేసి నిలబడ్డారు. ఫోను దాలమ్మ చేతికిచ్చారు.

దాలమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కొబ్బరిచెట్ల సందులోంచి ఎలుగు వస్తోంది. పరిగెత్తడం లేదు. పెళ్లిభోజనానికి పిలిస్తే వచ్చే పెద్దమనిషిలా తలూపుకుంటూ వస్తోంది.

మాకు విజిలు అక్కర్లేకపోయింది. మా కాళ్లే చెట్లయిపోయాయి. నేను తల ఎత్తకుండా కళ్లు మాత్రం మేడమీదకి తిప్పాను. పిల్లలందరూ చేతులు చాచి, తలలు వాల్చి, కదలకుండా నిలబడ్డారు. కూర్మారావు వాళ్ల మధ్యలో కూర్చుని, జీడిచెట్టు కింద గడ్డిలా అణిగిపోయాడు. ఆ ఒక్క క్షణం మాత్రం ఆ శిక్షణకి మనసులో దండం పెట్టుకున్నాను.

ఒక్కాయనే చెట్టు కాలేదు. చిదానంద్ గారు ఎలుగుని చూసి, ఎగిరి, తలుపుని పట్టి ఉంచే తీగ లాగేశారు. దబ్బున పడింది. బయట కొక్కెం పట్టేసింది. ఎలుగు వచ్చి కటకటాలు పట్టుకుని ఊపింది. గోళ్లతో గీసింది. మీదకెక్కి గెంతింది. కిందకి వంగి, వాసన చూసి, మళ్లీ గుంజింది. అందరూ ఎలుగుని చూస్తున్నారు. నేను తలుపుని చూస్తున్నాను. కొక్కెం ఊడలేదు. ఊచ వంగలేదు.

చివరికి అది ఆఫీసరు ఎదురుగా బాసింపట్టేసుకుని కూర్చుంది. ఆయన ఒక పనసపండు చీల్చి తొనలు ఊచల్లోంచి బయటికి తోశారు. తింది. ఇంకొకటి తోశారు. బెల్లం తోశారు. అది ఆగితే ఆయన ఊపిరి ఆగుతోంది, అది నములుతుంటే ఆయన గబగబా ఇంకో పండు చీలుస్తున్నారు. మా దొడ్లో పండు కూడా అందులోనే పోయింది. దాని రుచి నాకు తెలుసు, తియ్యగా ఉంటుంది. కడుపు నిండాక ఎలుగు ఒక నూనెడబ్బా దొర్లించుకుంటూ వచ్చినదారినే పోయింది.

ఆయన తేరుకుని విజిలూదారు. ఒకసారి. మేం కదల్లేదు. ముందు ఊదలేదు గనక ఇది మొదటిదా రెండోదా అని మాకు అనుమానం.

“ఎవరైనా వచ్చి తలుపు తియ్యండి” అన్నారాయన, చేతులనిండా పనసపాలతో.

అందరూ నాకేసి చూశారు. గొళ్లెం నేనే కదా. దిగి బోను దగ్గరికెళ్లాను. మాట్లాడితే గొంతు వణకలేదు, అది నాకే వింతగా ఉంది.

“సార్, తలుపు గట్టిదేనండి. అది అంత గుంజినా ఊడలేదు” అన్నాను.

“సంతోషం అమ్మా, ముందు తియ్యి.”

“మా అంగన్‌వాడీకి ఇలాంటిది లేదు సార్.”

“చెప్పాను కదమ్మా, అది మా పరిధిలోకి...”

“తలుపు తియ్యడం కూడా మా పరిధిలోకి రాదు సార్. మాది ప్రవర్తన.”

అరుగుమీద ఎవరో కిసుక్కుమన్నారు. మా అత్తే అయ్యుంటుంది. ఆయన నాకేసి చూశారు, తోటలకేసి చూశారు, చీకటి పడబోతున్న ఆకాశంకేసి చూశారు. బోనులో ఇంకా బోలెడు పళ్లున్నాయి. అవి అయిపోయాక బోనులో ఏముంటుందో కూడా ఆయనకి తోచే ఉంటుంది. మొహంలో ఒక్కసారిగా, అప్పుడు పోపు వాసన పీల్చినప్పుడు వెలిగినట్టే, వెలుగొచ్చింది.

“తలుపు ఉండడం మౌలిక వసతి” అన్నారు మెల్లగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు. “కానీ తలుపు మూసుకోవడం... మానవ ప్రవర్తనే. ముమ్మాటికీ మానవ ప్రవర్తనే. అమ్మా, ఇది ప్రవర్తనా ప్రేరక ఉపకరణం. దీన్ని అంగన్‌వాడీకి బదలాయించే అధికారం నాకుంది.”

“అలగైతే గట్టిగా సెప్పండి సార్, మేడమీద మా తమ్ముడికి ఇనపడాల” అంది అత్త.

ఆయన గట్టిగా చెప్పారు. మేడమీంచి కూర్మారావు విన్నానన్నాడు. అప్పుడు నలుగురం కలిసి తలుపు ఎత్తాం.

నా మొగుడు ఆటో తోలతాడు. అదే ఆటోలో వెల్డింగు అబ్బాయిని తీసుకొచ్చాడు. బోను తలుపు ఊడదీసి, పైనుంచి పడకుండా పక్కకి తెరుచుకునేలా బందులు వేసి, అంగన్‌వాడీ వెనకగదికి బిగించారు. మర్నాడు పెద్దవాళ్లు వచ్చారు. తలుపు చూపించారు. ప్రేరక ఉపకరణం అంటే వాళ్లు తలలూపారు. తలుపు లేని బోను చూసి, ఇది నిర్బంధరహిత సంరక్షణకి చిహ్నమా అని అడిగితే, చిదానంద్ గారు అవునన్నారు. ఆ మాటకి అక్కడే ఫొటో తీసుకున్నారు.

ఆ తరవాత ఎలుగు ఒకసారి వచ్చింది. తలుపు ఊపింది. ఊడకపోయేసరికి మళ్లీ రాలేదు. దాని తోటల్లో దాని జీడిపళ్లు, పనసపళ్లు ఉన్నాయి, పోయింది. నివేదికలో మాత్రం పోపు నియంత్రణ వల్లా, నూనెలేని తలల వల్లా, జీడిచెట్టు భంగిమ వల్లా ఎలుగు ఊళ్లోకి రావడం మానుకుందని రాశారు. తలుపు గురించి ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉందట. చిదానంద్ గారికి పెద్ద సభలో శాలువా కప్పారు. ఆయన పక్క జిల్లాకి వెళ్లిపోయారు. పథకం ఆరు నెలలూ అయిపోయింది. మేం పోపులు మొదలెట్టాం. మొదటిరోజు ఊరంతా ఒకేసారి ఆవాలు చిటపటలాడాయి. జోషిత వాసన పీల్చి, పళ్లెం పట్టుకుని తనే పొయ్యి దగ్గరికొచ్చింది.

కూర్మారావు తువ్వాలు దింపుకున్నాడు. అలవాటు పోలేదు. ఇప్పటికీ మా ఇంటికి భోజనానికొస్తే ముందు వీధిలోకెళ్లి గాలి చూసొస్తాడు.

ఈమధ్య పక్క జిల్లా ఊళ్లవాళ్లని మా ఊరు చూడ్డానికి బస్సులో తీసుకొచ్చారు. ఆదర్శగ్రామం అట మాది. వాళ్లకి జీడిచెట్టు భంగిమ చూపించమని పిల్లల్ని నిలబెట్టారు. సముద్రపొడ్డున ఉమ్మడి పోపు పెట్టినచోటు చూపించారు. అంతా తలలూపుతూ చూస్తున్నారు. ఒకమ్మాయి మాత్రం వెనకబడిపోయింది. నా వయసే ఉంటుంది, చంకలో పిల్లాడు. అందరూ పిల్లల్ని చూస్తుంటే, తను అంగన్‌వాడీ వెనకవేపుకెళ్లి, మా కటకటాల తలుపుని చేత్తో పట్టుకుని ఊపి చూస్తోంది. ఊపిన తీరు చూసి నాలాంటిదేనని పోల్చుకున్నాను.

దగ్గరికెళ్లాను. మీ ఊళ్లో కూడా తలుపు లేదా అని అడిగాను. లేదంది. వాళ్ల ఊళ్లో చిరుతట.

“మా ఆఫీసరు గారు కూడా అడిగితే పరిధి కాదంటన్నారప్పా. మాకు పోపు కట్టీసినారు. పైనెల నుంచి నూనె కూడా కట్టేస్తారంట” అంది. ఆమె తల ఇంకా నిగనిగలాడుతోంది పాపం.

“మీకు బోను ఇచ్చినారేటి?”

“లేదప్పా. బోను పాతకాలందంట. మాకు డ్రోన్ ఇస్తామన్నారు. పైనెగురుకుంటా చూస్తాదంట.”

ఆమె చంకలో పిల్లాడు బొటనవేలు నోట్లో పెట్టుకుని నాకేసి చూస్తున్నాడు. నా చెయ్యి దానంతటదే వాడి ముక్కు దగ్గరికెళ్లింది, ఊపిరి వెచ్చగా తగిలింది.

“దానికి తలుపుంటాదేటి?” అని అడిగాను.

“తెలీదప్పా. ఉండదనుకుంటాను.”

“అలగైతే వద్దను. ఆళ్లు సెప్పినవన్నీ సెయ్యి, సెట్టులా నిలబడమంటే నిలబడు, జుట్టు ఎండగట్టుకో, ఏటీ కాదనకు. కానీ ముందు బోను తెప్పించు. పాతదైనా పర్వాలేదను.”

ఆమె చీరకొంగు విప్పి, మా తలుపుకి అడ్డంగా పట్టి, వెడల్పు ఎంతో చూసుకుని, కొంగుకి అక్కడ ముడేసుకుంది. బస్సు హారను కొట్టింది.